తలుపు నోరు నొక్కిన పద్దెనిమిది రోజులు

ఆ ఇంట్లో కుక్క లేదు. గ్యారేజీ తలుపుంది.

ఈ మాట ఆమె భర్తదే. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ నవ్వుతూ చెప్పేవాడు. తలుపు పైకి లేచేటప్పుడు ఎలా కీచుమంటుందో, వీధి చివరిదాకా ఎలా వినిపిస్తుందో గొంతుతో చేసి చూపించేవాడు. బాగుచేయించుకోవచ్చుగా అని ఎవరైనా అంటే, "దేనికండీ? దీనికి తిండి పెట్టక్కర్లేదు, స్నానం చేయించక్కర్లేదు, కాపలా మాత్రం రోజంతా కాస్తుంది" అనేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. కాఫీ కప్పులు తీస్తూ ఆమె కూడా నవ్వేది.

పోనుపోను వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. తలుపు మాత్రం అరుస్తూనే ఉంది.

వీధి గుమ్మానికి కెమెరా ఉన్న కాలింగ్ బెల్లుంది. ఎవరు లోపలికొచ్చినా, ఎవరు బయటికెళ్ళినా పై గదిలో అతని ఫోను మోగుతుంది. పెరటి తలుపు తీస్తే నిలువెత్తు గోడ. మిగిలింది గ్యారేజీ. దానికి కెమెరా పెట్టలేదు. కారు తాళం కూడా దాచలేదు, వంటింట్లో మేకుకే వేలాడుతూ ఉంటుంది. కారు ఆమె పెళ్ళికి ముందు ఉద్యోగం చేసేటప్పుడు కొనుక్కున్నదే, కాగితాలన్నీ ఆమె పేరు మీదే ఉన్నాయి. కానీ గ్యారేజీ సరిగ్గా అతని గది కింద ఉంది. తలుపు జానెడు లేచిందంటే అతను మెట్ల మీద ఉంటాడు.

"ఎక్కడికి?" అంటాడు. అంతే. నాలుగేళ్ళలో ఒక్కసారి గొంతు పెంచలేదు, చెయ్యెత్తలేదు. ఆమె ఎక్కడికో చెప్పగానే "పద, నేనూ వస్తా" అని చెప్పులు తొడుక్కుంటాడు. వెళ్ళక్కర్లేని చోటైతే ఎందుకు వెళ్ళక్కర్లేదో ఓపిగ్గా వివరిస్తాడు. అతని ఉద్యోగమే అలాంటిది. ఒక ఫోన్ల కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తాడు. కస్టమర్లతో సిబ్బంది మాట్లాడిన రికార్డింగులు రోజంతా హెడ్‌ఫోన్లలో వింటూ, ఎవరి గొంతులో విసుగుందో, ఎవరు అబద్ధమాడుతున్నారో పట్టుకుని మార్కులు వేస్తాడు. తన చెవిని మించిన యంత్రం లేదని అతని నమ్మకం. అందులో అతిశయోక్తి కూడా లేదు.

ఆమె ఆరేళ్ళు ఆసుపత్రి ఫార్మసీలో పనిచేసిన మనిషి. రాత అర్థంకాని చీటీలను చదివి, మోతాదులు సరిచూసి, డాక్టర్లకే ఫోన్ చేసి "ఇది రెండుసార్లా, మూడుసార్లా?" అని నిలదీసిన మనిషి. ఇప్పుడు వారానికి ఒక్కరోజు, శనివారం మధ్యాహ్నం, ఇరవై నిమిషాలు బజారులో ఒంటరిగా నడుస్తోంది. అతను కారులో కూర్చుని ఉంటాడు.

అలాంటి ఒక శనివారం హార్డ్‌వేర్ షాపులోకి వెళ్ళింది. కర్టెన్ కొక్కేలు కావాలని చెప్పింది. కావలసింది ఫోను. తన ఫోనులో ఎవరితో మాట్లాడినా అతనికి తెలిసిపోతుంది.

షాపు నడిపే ఆవిడని ఆ వీధంతా బోల్టు పెద్దమ్మ అంటారు. అరవై దాటిన మనిషి, ముక్కు మీద కళ్ళజోడు, చెవి వెనక పెన్సిలు.

"తీసుకో అమ్మాయ్" అని ఫోను అందించింది ఆవిడ. "ఆ పెయింటు డబ్బాల వెనక్కెళ్ళి నిలబడు. మీ ఆయన కారద్దంలోంచి ఇటే చూస్తున్నాడు. ఈ వయసులో నన్నింతసేపు చూసిన మగాడు లేడు, సిగ్గేస్తోంది."

అవతల అక్క గొంతు ఉరుకులు పరుగుల మీదుంది. "చిట్టీ, ఉత్తరం వచ్చిందే. ఉద్యోగం నీకే ఇచ్చారు. మా ఆసుపత్రి ఫార్మసీలోనే. ఈ గురువారం కాదు, పై గురువారమూ కాదు, ఆ తర్వాత గురువారం. సాయంత్రం నాలుగు లోపు సర్టిఫికెట్లు పట్టుకుని వచ్చి సంతకం పెట్టాలి. రాకపోతే లిస్టులో రెండో అమ్మాయికి ఇచ్చేస్తారు. ఇంకోసారి నీ పేరు నేను ఎత్తలేను."

"వస్తానక్కా."

"ఎలా వస్తావ్? టాక్సీ పిలుచుకుని బయటికి నడిచెయ్యవే."

"గుమ్మం దాటగానే ఆయన ఫోను మోగుతుంది. టాక్సీ వచ్చేసరికి పక్కన నిలబడి ఉంటాడు. ఏదో పొరపాటున పిలిచామని నేనే డ్రైవరుకి చెప్పి పంపించేస్తాను. ఇప్పటికి రెండుసార్లు పంపించాను."

"నువ్వే పంపించావా?"

"నేనే."

"మరి కారు?"

"కారుకేం, బంగారంలా ఉంది. తలుపే అరుస్తుంది."

ఫోను తిరిగి ఇచ్చేసరికి పెద్దమ్మ కొక్కేలు లెక్కపెట్టడం ఆపేసి ఆమెనే చూస్తోంది. విననట్టు నటించే అలవాటు ఆవిడకి లేదు.

"ఏ తలుపది? చుట్టుకునేదా, పలకలు పలకలుగా పైకెళ్ళి పడుకునేదా?"

"పలకలది. అయిదు పలకలు."

"ఎన్నేళ్ళయింది దానికి గ్రీజు పెట్టి?"

"నేనొచ్చాక పెట్టలేదు."

"అయితే అది అరవడం కాదు, ఏడవడం. కీళ్ళనొప్పులు." పెద్దమ్మ గొంతు తగ్గించింది. "చూడు, పలకకీ పలకకీ మధ్య కీళ్ళుంటాయి. వాటి సందులో పెట్టాలి. పక్కన చక్రాలుంటాయి. ప్లాస్టిక్ చక్రమైతే చక్రానికి రాయకు, మధ్యలో ఇరుసుంటుంది, దానికి రాయి. పైన పెద్ద స్ప్రింగుంటుంది. పైపైన పూసి దిగిపో, స్పానరు పెట్టావంటే చెయ్యి విరుగుతుంది. ఇంకోటి. చక్రం తిరిగే పట్టాలో మాత్రం చుక్క వెయ్యకు. అందరూ చేసే తప్పదే. పట్టా పొడిగుడ్డతో తుడిచి వదిలెయ్. చక్రం దొర్లాలి, జారకూడదు."

"అంతా పెడితే ఎన్నాళ్ళకి నోరు మూస్తుంది?"

"ఎన్నాళ్ళేంటి, గంటలో మూస్తుంది."

"గంటలో మూస్తే ఆయనకి తెలిసిపోతుంది పెద్దమ్మగారూ. ఆయనది పాము చెవి."

పెద్దమ్మ చెవి వెనక పెన్సిలు తీసి బల్ల మీద రెండుసార్లు తట్టింది. "అయితే రోజుకో కీలు. ముసలాళ్ళకి చూపు తగ్గినట్టు తగ్గాలి. పొద్దున లేచి చూస్తే నిన్నటికీ ఇవాళకీ తేడా కనపడకూడదు."

గ్రీజు ట్యూబు సంచిలో పెట్టుకుంటే కుదరదు. కారెక్కగానే అతను బిల్లు చదువుతాడు, సంచి కూడా చూస్తాడు. ఆమె చేతిసంచిలో అడుగంటిన కోల్డ్‌క్రీము డబ్బా ఒకటుంది. పెద్దమ్మ దాన్ని గుడ్డతో తుడిచి, గరిటెతో తెల్ల గ్రీజు తీసి నింపి, పైన చదును చేసి మూత పెట్టింది. తెల్లగా, మెత్తగా, అచ్చం క్రీములాగే ఉంది.

"మొహానికి మాత్రం రాసుకోకు" అంది. "రాసుకున్నా ఏం కాదనుకో. దవడలు చప్పుడు చెయ్యవు."

*

ఆదివారం మొదలుపెట్టింది. గురువారానికి పద్దెనిమిది రోజులు చేతిలో ఉన్నాయి. పదహారు కీళ్ళు, పన్నెండు చక్రాలు, ఒక స్ప్రింగు, మోటారు గొలుసు.

రోజూ తొమ్మిదింటికి చెత్తబుట్ట బయట పెట్టడానికి ఆమె ఒక్కసారి తలుపెత్తుతుంది. అది అనుమతి ఉన్న చప్పుడు. పైన అతను విని, మళ్ళీ దిగడం విని, గడియారం చూసుకుని పనిలో పడతాడు. పదింటి నుంచి అరగంట అతనికి మీటింగు. ఆ అరగంటే ఆమెది. పాత టూత్‌బ్రష్షు, చింకిగుడ్డ, క్రీము డబ్బా పట్టుకుని వంటింట్లోంచి గ్యారేజీలోకి దిగేది.

గ్యారేజీలో కిటికీ లేదు. ఒక బల్బు, కారు, అట్టపెట్టెలు, సిమెంటు వాసన. తలుపు మూసి ఉంటే అంచుల చుట్టూ సన్నటి వెలుగు గీత కనిపించేది. ఆ గీతకి అవతల వీధి. వీధిలో నడిచేవాళ్ళ మాటలు వినిపించేవి. ఎవరో పిల్లని హోమ్‌వర్కు అడుగుతున్నారు, ఎవరో బేరమాడుతున్నారు. ఆమె వాళ్ళకి మూడడుగుల దూరంలో నిలబడి టూత్‌బ్రష్షుతో తుప్పు గీకేది.

మందులు తూచిన చెయ్యి కదా, మోతాదు కుదిరింది. మొదట అరుపుని విడదీసి వింది. తలుపు కదలగానే వచ్చే కిర్రు కీళ్ళది. సగం లేచాక గరగర చక్రాలది. అన్నిటికన్నా పైనుండే కీచు, పళ్ళు పులిసిపోయేలా ఉండేది, నడిమి కీళ్ళదీ స్ప్రింగుదీ కలిసి. అందుకని కీచుని చివరికి వదిలి గరగర దగ్గర మొదలుపెట్టింది. రోజుకి రెండు చక్రాలు, లేదంటే రెండు కీళ్ళు. అంతకుమించి చెయ్యి పోకుండా డబ్బా మూత బిగించేసేది.

నాలుగో రోజు మీటింగు ముందే అయిపోయింది. ఆమె వంటింట్లోకి అడుగుపెట్టేసరికి అతను ఫ్రిజ్ దగ్గర నిలబడి ఉన్నాడు. టూత్‌బ్రష్షు, గుడ్డ కారు కిందే వదిలేసి వచ్చింది. డబ్బా మాత్రం చేతిలో ఉంది.

"ఏంటది?"

"క్రీమండీ. చేతులు పగులుతున్నాయి."

అతను డబ్బా తీసుకున్నాడు. మూత తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"వాసనే లేదే?"

"మీకు వాసనలు పడవుగా. అందుకే ఇది తెచ్చుకున్నా."

డబ్బా ఆమె ముందుకి జాపి పట్టుకున్నాడు, తిరిగి ఇవ్వకుండా. ఆమె రెండు వేళ్ళతో తీసి చేతుల మీద రాసుకుంది. అరచేతులు, వేళ్ళ సందులు, మణికట్టు. చర్మం మీద బంకలా పట్టుకుంది. అతను చూస్తూ ఉన్నాడు.

"మంచిదే" అన్నాడు చివరికి. "నువ్వు నీ గురించి కొంచెం పట్టించుకోవాలి."

ఆ మధ్యాహ్నం గిన్నెల సబ్బుతో మూడుసార్లు కడిగినా జిడ్డు వదల్లేదు. మర్నాటి నుంచి మీటింగు మొదలైన ఇరవై నిమిషాలకే పైకి వచ్చేసేది.

ఆరో రోజు సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, రెండు జతల బట్టలతో కలిపి, కారు డిక్కీలో స్పేరు టైరు కింద పెట్టింది. ఎనిమిదో రోజుకి గరగర పోయింది. పైనుంచి ఒక్క మాట రాలేదు. ఆ రోజు పని చేసుకుంటూ ఆమె ఏదో కూనిరాగం తీసింది. తీస్తున్నట్టు తెలిశాక నోరు మూసుకుంది.

*

పదో రోజు భోజనం దగ్గర అతను అన్నాడు, "ఈమధ్య నెమ్మదిగా మాట్లాడుతున్నావేంటి?"

"లేదే. ఎప్పటిలాగే మాట్లాడుతున్నా."

అతను తల పక్కకి వంచి చెవిలో చిటికెనవేలు పెట్టుకుని ఆడించాడు. ఆమె పట్టించుకోలేదు.

పదమూడో రోజు, శుక్రవారం, తొమ్మిదింటికి చెత్తబుట్ట పెట్టి వచ్చి తలుపు దించుతోంది. వెనక చెప్పుల చప్పుడు. అతను గ్యారేజీ మెట్టు మీద నిలబడి ఉన్నాడు. హెడ్‌ఫోన్లు మెళ్ళో వేలాడుతున్నాయి. ముఖం పాలిపోయి ఉంది.

"నువ్వు తలుపెత్తావా ఇందాక?"

"ఎత్తానండీ. తొమ్మిదింటికి, రోజూలాగే."

అతను గోడ మీది మీట నొక్కాడు. తలుపు లేచింది. ఇప్పటికి సగానికి పైగా నోరు పడిపోయిన తలుపది. మిగిలిన కీళ్ళు సన్నగా ఏదో గొణిగాయి, మోటారు గుర్రుమంది. అతను మళ్ళీ నొక్కాడు. దిగింది. మళ్ళీ లేపాడు. దగ్గరికెళ్ళి కదులుతున్న పలక మీద అరచెయ్యి ఆనించాడు, జ్వరం చూసినట్టు.

అతని తలకి అడుగు పైన కీళ్ళ సందుల్లో తెల్ల గ్రీజు బల్బు వెలుగులో మెరుస్తోంది. ఒక్కసారి కళ్ళెత్తితే చాలు. కానీ అతను జీవితంలో ఎప్పుడూ ఆ తలుపుని చూడలేదు. వినడమే. ఇప్పుడూ కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"మోటారు వినిపిస్తోంది" అన్నాడు. "కీచే వినిపించడం లేదు. పై గదిలోకి మూడు రోజుల నుంచి అసలు రావడం లేదు. నిన్నంతా చదివాను. చెవులు పోయేటప్పుడు సన్నటి చప్పుళ్ళే ముందు పోతాయట." ఆమె వైపు తిరిగాడు. "నీకు వినిపిస్తోందా? ఆ కీచు?"

ఈ పదమూడు రోజుల్లో ఆమె ఆలోచించుకోని ప్రశ్న అదొక్కటే. తలుపు ఎలా బాగుపడిందని అడిగితే చెప్పడానికి రెండు అబద్ధాలు సిద్ధంగా పెట్టుకుంది. చలికాలం పోయింది, ఇనుము సర్దుకుంది అనాలి. లేదా వానకి తడిసింది అనాలి. ఈ ప్రశ్నకి ఏమీ లేదు. 'వినిపించడం లేదు' అంటే అతను కళ్ళు తెరిచి పైకి చూస్తాడు.

"వినిపిస్తోందండీ" అంది. "ఎప్పటిలాగే."

అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు. చాలాసేపు చేతుల్లో తల పెట్టుకుని ఉన్నాడు. చెవులు పోతే అతని ఉద్యోగం పోతుంది. అంతకన్నా ముందు అతనే పోతాడు. ఆ మనిషి చేసిన ఘనకార్యమల్లా వినడమే. ఆమెకి నాలుగేళ్ళలో మొదటిసారి జాలేసింది. నోటిదాకా వచ్చింది నిజం. అప్పుడతను తలెత్తి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఇక నా చెవులు నువ్వే" అన్నాడు. "నువ్వు నా పక్కన లేకుండా ఎక్కడికీ వెళ్ళకు. ఉన్నావుగా?"

"ఉన్నాను."

ఆ మధ్యాహ్నమే అతను పై గదిలోంచి బల్ల, కంప్యూటరు కిందికి దించాడు. వంటింటి పక్కన, గ్యారేజీలోకి వెళ్ళే దారికి ఎదురుగా వేసుకున్నాడు. చెవుల మీద నమ్మకం పోయిన మనిషి కళ్ళలో వత్తులేసుకుని కూర్చున్నాడు. ఆమె గ్లాసు కింద పెడితే తలెత్తుతాడు. స్నానానికి వెళితే రెండుసార్లు తలుపు తడతాడు. "ఉన్నావా?" అంటాడు. ఇదివరకు గోడల అవతలి నుంచి కాపలా కాసేవాడు, కనీసం గదిలో ఆమె ఒక్కతే ఉండేది. ఇప్పుడు అదీ లేదు. తన చేత్తో, టూత్‌బ్రష్షుతో, రోజుకింత గ్రీజు చొప్పున ఆమె తన చుట్టూ గోడ కట్టుకుంది.

గ్యారేజీలోకి వెళ్ళే వీలు చెత్తబుట్టకి తప్ప దేనికీ మిగల్లేదు. అందులోనూ అతను మెట్టు మీద నిలబడతాడు. అయినా ఆమె ఆగలేదు. బుట్ట ఎత్తే నెపంతో వంగి, తలుపు సగంలో ఉండగా వేలితో ఒక కీలు, మర్నాడు ఇంకో కీలు. ఎందుకు చేస్తోందో ఆమెకే తెలియదు. ఇప్పుడా తలుపు ఎంత మెత్తగా లేచినా ప్రయోజనం లేదు. కానీ అది మళ్ళీ కీచుమంటే అతనికి చెవులున్నాయని తెలిసిపోతుంది. మొదలుపెట్టాక ఆపడానికి లేని పని అది.

సోమవారం అతను చెప్పాడు, "చెవుల డాక్టరు దగ్గర టైము దొరికింది. గురువారం పదింటికి."

ఆమె చేతిలో కత్తి కూరగాయ మీద ఆగింది. "గురువారమా? వచ్చే వారం చూసుకుందామండీ. వారం తిరిగితే అదే సర్దుకుంటుందేమో."

"పోయేది నా చెవులు. నీకేం?"

"అది కాదు..."

"నువ్వూ వస్తున్నావు. బండి నువ్వే నడపాలి. వినపడని మనిషి బండి నడపకూడదట, చదివాను. హారన్ వినపడకపోతే?"

ఎరుపు దీపం దగ్గర వీధి ఖాళీగా ఉన్నా ఆగే మనిషి అతను. చదివాడంటే చేస్తాడు.

*

గురువారం తొమ్మిదిన్నరకి ఆమె కారెక్కింది. అతను పక్కన కూర్చున్నాడు. మీట నొక్కితే తలుపు లేచింది. పద్దెనిమిది రోజుల పని ఎంత బాగా కుదిరిందో అప్పుడు తెలిసింది. పలకలు ఒకదాని వెనక ఒకటి, నీళ్ళలో చేపలు మలుపు తిరిగినట్టు, పైకి వెళ్ళి పడుకున్నాయి. అద్దంలోంచి వీధి మొత్తం కనిపించింది. అతను కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఇప్పుడు అరుస్తోందా?"

"ఆ."

"చాలానా?"

"చాలా."

అతను తల ఊపి సీటు బెల్టు పెట్టుకున్నాడు.

క్లినిక్ దగ్గర కారు ఆగగానే అలవాటుగా చెయ్యి చాపి తాళం తీసుకుని జేబులో వేసుకున్నాడు. లోపల తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి, చెవి పరీక్షలు చేసే అమ్మాయి, మాటలపుట్టలా ఉంది. "ఏంటి సార్ కంప్లైంటు? మేడమ్‌గారు చెప్పేవి వినపడట్లేదా? ఇక్కడికొచ్చే మగాళ్ళందరికీ అదే. నూటికి తొంభై మందికి మెషీన్లో బాగానే వినపడుతుంది."

అతను నవ్వలేదు. "సన్నటి చప్పుళ్ళు పోయాయి."

"చూసేద్దాం. ఇరవై నిమిషాల పని. అయ్యాక పది నిమిషాల్లో గీత గీసి ఇచ్చేస్తా, ఏ చప్పుడు వినపడుతోందో ఏది లేదో అక్కడికక్కడ తెలిసిపోతుంది. మెషీన్ అబద్ధం చెప్పదు సార్."

కుర్చీలో కూర్చున్న ఆమెకి అరగంట తర్వాత జరగబోయేది మొత్తం ఒకేసారి కనిపించింది. గీత తిన్నగా, మచ్చలేకుండా వస్తుంది. అతను కాగితం చూస్తాడు. చెవులు బాగుంటే మారింది ఏమిటని ఆలోచిస్తాడు. అతనికి ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టదు. ఇంటికెళ్ళి, గ్యారేజీలో, మొదటిసారి కళ్ళెత్తి పైకి చూస్తాడు. 'వినిపిస్తోందండీ' అన్న గొంతుని గుర్తు చేసుకుంటాడు. గొంతుల్లో అబద్ధాలు పట్టుకోవడమే కదా అతని పని. అరవడు. ఓపిగ్గా వివరిస్తాడు. ఆ తర్వాత కారు ఉండదు, తాళం మేకుకి ఉండదు, శనివారాలు ఉండవు.

గోడ గడియారం పదీ పదిహేను చూపిస్తోంది. అక్క ఊరికి రెండు గంటల దారి.

పరీక్ష గది అంటే గది లోపల ఇంకో గది. ఇనుప పెట్టెలా ఉంది. జానెడు మందం తలుపు, పక్కన చిన్న అద్దం కిటికీ. అమ్మాయి తలుపు తీసి పట్టుకుంది.

"ఫోను, తాళాలు, చిల్లర, చప్పుడు చేసేవేవైనా బయటే సార్. లోపల మీ జేబు గలగల కూడా మెషీన్‌కి తేడా కొడుతుంది."

అతను ఒక్క క్షణం ఆగాడు. ఆమె వైపు చూశాడు. ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత తాళం. "నీ దగ్గరుంచు. ఆ కిటికీకి ఎదురుగా కూర్చో. నాకు కనిపించేలా."

"అలాగే."

లోపలికి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, అద్దంలోంచి ఆమెని చూసి తల ఊపాడు. అమ్మాయి అతని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించింది. చేతికి చిన్న బొత్తం ఇచ్చింది. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కమంది. ఆ తర్వాత కుర్చీని పట్టుకుని గిర్రున గోడ వైపు తిప్పేసింది. అతను ఏదో అన్నాడు, చెయ్యి కూడా ఎత్తాడు.

"లేదు సార్, వెనక్కి తిరిగే కూర్చోవాలి. మా చేతులు కనపడితే చాలామంది వినపడకపోయినా నొక్కేస్తారు. రూలు."

రూలు అనగానే అతను చెయ్యి దించాడు. మందపాటి తలుపు మూసుకుంది. అమ్మాయి బయటికొచ్చి మెషీన్ ముందు కూర్చుని, గుండ్రటి మీట తిప్పింది.

ఆమె లేచి నిలబడింది. నిలబడ్డాక కాళ్ళు కదల్లేదు. రెండుసార్లు టాక్సీ డ్రైవర్లని తానే వెనక్కి పంపించింది. ఆ రెండుసార్లూ ఇలాగే ఉంది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ ఆపలేదు. నోరు దానంతటదే తెరుచుకుని 'పొరపాటున పిలిచాం' అంది. అద్దంలోంచి అతని వీపు కనిపిస్తోంది, ఇస్త్రీ చొక్కా, వంగిన మెడ. మెషీన్ మీద చిన్న దీపం వెలిగింది. అతను బొత్తం నొక్కాడు. మళ్ళీ వెలిగింది. మళ్ళీ నొక్కాడు.

"బాగానే వినపడుతోందే" అంది అమ్మాయి తనలో తాను.

ఆమె అతని ఫోనూ, తన ఫోనూ రెండూ తీసి అమ్మాయి బల్ల మీద పెట్టింది.

"ఇవి మీ దగ్గరుంచండి. ఆయన బయటికి రాగానే చెవులు బాగున్నాయని చెప్పండి. మిగతావి తర్వాత. ముందు ఆ మాట చెప్పండి, చాలా భయపడిపోయి ఉన్నాడు."

అమ్మాయి తల తిప్పలేదు, కళ్ళు మెషీన్ మీదే ఉన్నాయి. "ఇంకా ఒక్క చెవి కూడా అవలేదు మేడమ్. అప్పుడే మీకెలా తెలుసు?"

"తెలుసు. తలుపుకి గ్రీజు పెట్టానని కూడా చెప్పండి. నేనే పెట్టానని."

"ఏ తలుపు?" అని అమ్మాయి ఈసారి తల తిప్పింది. ఆమె అప్పటికే నడవాలో ఉంది. పరిగెత్తలేదు. పరిగెత్తితే ఎవరైనా ఏమైందని అడుగుతారు, అడిగితే నోరు ఏమంటుందో నమ్మకం లేదు. మెట్లు దిగింది. పార్కింగ్‌లో ఎండ కళ్ళలో పడింది. తాళం రెండుసార్లు తప్పు వైపు తిప్పింది. మూడోసారి ఇంజను పలికింది.

గేటు దగ్గర కర్ర అడ్డంగా ఉంది. ముందు ఒక ముసలాయన కారు ఆపుకుని, టికెట్ ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటున్నాడు. చొక్కా జేబు చూశాడు. ప్యాంటు జేబు చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చొక్కా జేబు చూశాడు. ఆమె స్టీరింగు పట్టుకుని క్లినిక్ తలుపు వైపు చూడకుండా కూర్చుంది. పదీ ముప్ఫై రెండు. టికెట్ ముసలాయన ఒళ్ళోనే ఉంది. కర్ర లేచింది.

ఊరు దాటేదాకా ఎవరో వెనక సీట్లో కూర్చుని ఉన్నట్టే అనిపించింది. రెండుసార్లు అద్దంలో చూసుకుంది. ఎరుపు దీపాల దగ్గర కారు ఆగిన ప్రతిసారీ, వెనక్కి తిప్పితే ఇంకా టైముంది అని లోపల ఎవరో అంటున్నారు. ఎవరో కాదు, తానే. నలభై నిమిషాలు ఆ గొంతుకి జవాబు చెప్పకుండా నడిపింది. తర్వాత అది దానంతటదే మానేసింది. పదకొండు దాటాక వెనక్కి తిప్పినా ప్రయోజనం ఉండదు, పరీక్ష ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

పన్నెండూ నలభైకి అక్క ఆసుపత్రి గేటు దగ్గర ఎదురొచ్చింది. డిక్కీలోంచి ఆమె తీసిన కవరు అందుకుని ఆఫీసులోకి నడిచింది. కవరు విప్పి సర్టిఫికెట్లు ఒక్కొక్కటే గుమాస్తా బల్ల మీద పెట్టింది. గుమాస్తా మధ్యాహ్నం కునుకులో ఉన్నాడు.

"నాలుగు దాకా టైముందిగా అమ్మా. ఎందుకంత ఆయాసం? ఇవాళే చేరతారా, సోమవారం వస్తారా?"

అక్క చేతిలో ఫోను కదిలింది. అక్క తెర చూసి ఆమెకి చూపించింది. అతని నంబరు. అది ఒకసారి ఆగి, మళ్ళీ మొదలైంది.

"ఎత్తనా?" అంది అక్క.

ఆమె ఫోను వైపే చూస్తూ నిలబడింది. ఎత్తితే అతని గొంతు మెత్తగా ఉంటుంది. ఒక్కటే ప్రశ్న అడుగుతాడు. దానికి జవాబు చెప్పడం మొదలుపెడితే సాయంత్రానికి ఆమె దారిలో ఉంటుంది.

"వద్దు" అంది. గుమాస్తా వైపు తిరిగి, "ఇవాళే" అని పెన్ను అందుకుంది.